పని నేర్పు పథకములు – ప్రభుత్వ తనిఖీ

కుమారుని చదివించి, వాని ఉద్యోగమునకై యెదురుచూచు రైతు నేడు ప్రతి గ్రామమునందును కలడు. అనుభవము లేనివానికి పని యీయరు. పని దొరకనిదే అనుభవము రాదు. ఈ చిక్కు విడదీయుటకై ప్రభుత్వమువారు నిరుద్యోగ యువకులను కొంతకాలము పనిచోట్ల నుంచి శిక్షణ నిప్పించు పథకములను పెట్టినారు. ఉద్దేశము శ్లాఘనీయమే. కాని వాని తనిఖీని గూర్చి సభ్యులకు కొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

2024వ సంవత్సరము అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకము ప్రయోగాత్మకముగా ఆరంభమయ్యెను. ఐదేండ్లలో కోటిమందికి పెద్ద కంపెనీలలో పని నేర్పవలెనని సంకల్పము. నాటి ఏర్పాటు ప్రకారము నెలభత్యము 5,000 రూపాయలు. అందులో 4,500 ప్రభుత్వము వంతు, 500 కంపెనీ వంతు. మొదటి విడతలో లక్షకు పైగా స్థానములు చూపబడెను. 82,000కు పైగా పిలుపులు వెళ్లెను. తుదకు చేరినవారు 9,000కు లోపే. ఊరు విడిచి పట్టణమున గది అద్దెయు, భోజనపు ఖర్చును భరించువానికి ఆ భత్యము ఏ మూలకు చాలునో గ్రామవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

సరే, చేరినవాడేమి నేర్చెను? ఇది సంఖ్యలలో తేలదు. మన సంఘము విత్తనములు పంచినప్పుడు ఎన్ని బస్తాలు వెళ్లెనన్న లెక్కతో సరిపెట్టుకొందుమా? ఎన్ని మొలచెనని మహాసభలో నిలదీసి అడుగుదుము. ప్రభుత్వమువారిని కూడ అట్లే అడుగవలెను.

కాగితముపై లెక్క యెంత మోసకరమో ఇంకొక పథకము తెలుపుచున్నది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనను గూర్చి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారి నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుంచబడినది. శిక్షణ పొందినట్లు నమోదైన వారిలో అత్యధికుల బ్యాంకు ఖాతా వివరములు సరిగా లేవని అందు వ్రాయబడినది. ఈ లోపము బయటపడుట తనిఖీ ఫలమే. కాని ధనము వ్యయమైన పిమ్మట వచ్చిన తనిఖీ, నీరు పోయిన తరువాత కట్టిన గట్టు వంటిది.

చట్టము లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టము ఒడంబడిక వ్రాయవలెననినది. శిక్షణతో సంబంధము లేని పని చేయించుట తప్పనినది. పనిచోటు చూచుటకు అధికారులకు హక్కు నిచ్చినది. అయితే అదే చట్టము అప్రెంటిసును శిక్షణార్థిగా నెంచునే గాని పనివానిగా నెంచదు. పనివానికుండు రక్షణలు పెక్కు వానికి లేవు గనుక, వాని పక్షమున చూచు కన్ను మరింత మెలకువగా నుండవలెను. ఏడాదిపాటు బల్లలు తుడిచి, కాగితములు మోసి, చేతికొక యోగ్యతాపత్రముతో ఇల్లు చేరిన బిడ్డకు పోయిన కాలమును ఎవరు తిరిగి ఇత్తురు?

తనిఖీ హెచ్చినచో కంపెనీలు వెనుదీయునని కొందరందురు. నిజముగా పని నేర్పు యజమానికి భయమేల? మేము కోరునది మూడు సంగతులే: అధికారి ముందుగా తెలుపక పనిచోటికి వెళ్లి శిక్షణార్థితో ఏకాంతముగా మాటలాడవలెను; శిక్షణ ముగిసిన ఆరు మాసములకు వాని జీవనోపాధి యేమో విచారింపవలెను; ఆ ఫలితములను జిల్లాల వారీగా ప్రకటింపవలెను.

మన వంతు పనియు కలదు. బిడ్డను పంపుటకు ముందు ఒడంబడిక ప్రతిని తీసికొని చదివించుకొనుడు. ప్రతి సంఘమును ఒక పుస్తకమునందు వెళ్లినవారి పేరు, పనిచోటు, అందిన భత్యము, నేర్చిన పని వ్రాసి యుంచవలెను. ఒక్కని ఫిర్యాదును త్రోసిపుచ్చుట సులభము. సంఘము పక్షమున లెక్కతో వచ్చిన ఫిర్యాదును త్రోసిపుచ్చుట అంత సులభము కాదు. రాబోవు సర్వసభ్య సమావేశములోనే ఈ పుస్తకమును తెరువవలసినదిగా కోరుచున్నాము.