పదమూడు మందికి పదిహేను రోజులు

మా వరంగల్‌లో ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిరి పక్కన వేసిన స్టేజీ. ఇద్దరు గాయకులు, కీబోర్డు, తబలా, ప్యాడ్లు, ఓ మూల గిటార్. పద్దెనిమిదేళ్లు ఆ గిటార్ నాది. తొమ్మిది రాత్రులు తొమ్మిది గల్లీల్లో వాయించి, నిమజ్జనం నాడు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాణ్ని. రాక్ గిటారిస్టు ఎవరైనా పెద్ద వాద్యబృందానికి సంగీతం రాయబోతే ‘వాడికెందుకా పని’ అంటారు చూడండి, ఆ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. ఆ మాట నేనూ పడ్డాను.

ఆర్ఈసీ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉండే ఒక ఉత్తరాది విద్యార్థి దగ్గర ఫ్రాంక్ జప్పా క్యాసెట్లు దొరికాయి నాకు. జప్పా అమెరికాలో రాక్ బ్యాండ్ నడిపినవాడు, గిటార్‌లో దిట్ట. కానీ స్కూలు రోజుల్లోనే అతని మనసు లాగేసింది ఎడ్గార్ వరేజ్ అనే స్వరకర్త. 1955లో పదిహేనో పుట్టినరోజుకు తల్లి ఏదైనా కొనుక్కోమంటే, అదేమీ వద్దని, న్యూయార్క్‌లోని వరేజ్ ఇంటికి ట్రంకాల్ చేయనివ్వమని అడిగాడు. ఫోన్‌లో వరేజ్ దొరకలేదు, ఆయన భార్యే మాట్లాడింది.

వరేజ్ 1931లో ముగించిన ‘అయనైజేషన్’ పదమూడు మంది వాయించే రచన. చాలావరకు డోళ్లు, గంటలు, తాళాలు. కమ్మరి దాగలి కూడా ఉంది. రెండు సైరన్లున్నాయి. దాన్ని మొదటిసారి విన్నప్పుడు నాకు న్యూయార్క్ గుర్తుకు రాలేదు, మా అమ్మ గుర్తొచ్చింది. మా బాపు అజంజాహి మిల్లులో పనిచేసేవాడు. 1934లో నిజాం కాలంలో మొదలైన మిల్లు అది. షిఫ్టు సైరన్ మోగగానే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. కింది నుంచి పైకి సాగి, కాసేపు నిలబడి, మళ్లీ జారిపోయే ఆ కూతలో ఏ స్వరం దగ్గరా ఆగని ఒక గమకం ఉందని వరేజ్ వినే దాకా నాకు తెలియలేదు. 2002లో మిల్లు మూతబడింది. సైరన్ ఉన్నన్నాళ్లూ దాన్ని వినలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

పాశ్చాత్యులు అవాంట్‌గార్డ్ అని పిలిచే ఈ సంగీతంలో కూనిరాగం తీసుకోవడానికి ఏమీ దొరకదు. తల ఊపుదామంటే తాళం మారిపోతుంది. ధ్వనినే మట్టిలా పిసికి చూసే పని అది. జప్పా 1963లో టీవీ కార్యక్రమానికి సైకిల్ తీసుకెళ్లి, చువ్వల మీద పుల్లలతో కొట్టి, కమానుతో గీసి వాయించాడు. అప్పటికతనికి ఇరవై రెండేళ్లు. చూసినవాళ్లు నవ్వుకున్నారు. అతను మాత్రం ఆ దారి వదల్లేదు.

1983లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను సొంత డబ్బుతో కుదుర్చుకుని తన రచనలు రికార్డు చేయించాడు. వందమందికి పైగా వాద్యకారులు, కెంట్ నగానో నిర్వహణ. రచనలు కష్టమైనవి, సాధనకు దొరికిన రోజులు కొన్నే. దొర్లిన తప్పుల గురించి జప్పా తర్వాత బాహాటంగానే బాధపడ్డాడు. మనుషులతో ఇక కాదనుకుని సింక్లావియర్ అనే కంప్యూటర్ వాద్యం ముందు ఏళ్ల తరబడి కూర్చున్నాడు. ఏది రాస్తే అది, రాసినంత వేగంగా, తప్పు లేకుండా వాయించే యంత్రం.

ఈ కథ మా ఆర్కెస్ట్రాలకు బాగా తెలుసు. నేను మొదలుపెట్టినప్పుడు మేం పదకొండు మందిమి. మొదట వయొలిన్ పోయింది, తర్వాత తబలా పోయింది. చివరికి కీబోర్డు, పెన్‌డ్రైవ్, పాడేవాళ్లు మిగిలారు. పెన్‌డ్రైవ్ తప్పు వాయించదు, అన్నం అడగదు.

జప్పా మాత్రం మళ్లీ మనుషుల దగ్గరికే వచ్చాడు. నేను పట్టుకుని వేలాడేది ఆ ఒక్క సంగతినే. జర్మనీకి చెందిన ఎన్‌సాంబుల్ మోడర్న్ కళాకారులు 1991లో లాస్ ఏంజెలిస్‌లో అతని దగ్గరికి వచ్చి రెండు వారాలు సాధన చేశారు. ఎవరి వాద్యం ఏమేం చప్పుళ్లు చేయగలదో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి విన్నాడు. 1992 సెప్టెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్, వియన్నాల్లో కచేరీలు జరిగాయి. యంత్రం తప్ప ఎవరూ వాయించలేరనుకున్న రచనను మనుషులే వాయించారు. క్యాన్సర్‌తో ఉన్న జప్పా ఫ్రాంక్‌ఫర్ట్‌లో లేచి నిలబడి కొన్నింటికి తానే నిర్వహణ చేశాడు. ‘ద యెల్లో షార్క్’ పేరుతో ఆల్బమ్ 1993 నవంబర్‌లో వచ్చింది. డిసెంబర్ 4న అతను పోయాడు.

లండన్‌కూ ఫ్రాంక్‌ఫర్ట్‌కూ మధ్య జప్పా ప్రతిభ మారలేదు. మారింది సాధనకు దొరికిన సమయం.

పన్నెండేళ్ల కింద నేను ఆరుగురు ఒగ్గుడోలు కళాకారులతో, నా ఎలక్ట్రిక్ గిటార్‌తో ఇరవై నిమిషాల రచన ఒకటి చేశాను. మిల్లు సైరన్ ఎత్తుగడ గిటార్‌ది. దాని కింద డోళ్లు ఒకదానికొకటి అందకుండా మూడు నడకల్లో పోతాయి. సభ రోజున మాకు దక్కిన రిహార్సల్ పదిహేను నిమిషాలు. నాలుగో నిమిషంలో డోళ్లు విడిపోయాయి, ఏడో నిమిషంలో నిర్వాహకులు సినిమా పాట అందుకోమని చీటీ పంపారు. దిగి వచ్చాక జట్టు పెద్దాయన నా భుజం మీద చేయి వేసి, “నీది తప్పు లేదు బిడ్డా, గది మా చేతులల్లకు ఇంకా దిగలే. పది దినాలు కూసుంటె దిగుతుండె” అన్నాడు. కాగితం మీద స్వరాలు రాయని మనిషి, జప్పాకు లండన్‌లో అర్థమైనదాన్నే చెప్పాడు.

డోలును గిటార్‌తో కలిపితే సంప్రదాయం చెడుతుందని నాతో వాదించేవాళ్లున్నారు. వాళ్లకు పేరిణిని చూపిస్తాను. నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని ‘నృత్త రత్నావళి’ని, రామప్ప శిల్పాలను చదువుకుని, మరుగునపడిన నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. అది ఎంత సాహసం! ఇప్పుడు పేరిణి లేకుండా మన జిల్లాలో సర్కారు సభ మొదలవుతుందా? ఇక కళాకారులకు కావలసింది ప్రయోగం కాదు కూలి అనేవాళ్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే సాధన రోజులకు కూడా కూలి కట్టివ్వమంటున్నాను. కచేరీ రాత్రికి మాత్రమే డబ్బిచ్చే పద్ధతి ఉన్నంతకాలం డోలు కళాకారుడు ఊరేగింపుల్లో ముందు నడవడానికే పనికొస్తాడు.

2024లో హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మంచి హాలు. అందులో ఏడాదికి ఒక్కసారి పదిహేను రోజులు, పదమూడు మందికి తాళం చెవి ఇవ్వండి. ఒగ్గుడోళ్లు, డప్పులు, మేడారం వైపు నుంచి కొమ్ముబూరలు, సంగీత కళాశాల నుంచి ఇద్దరు వయొలిన్ విద్యార్థులు. రాసేవాడు నేనే కానక్కరలేదు. ఈ ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీల బ్యాండ్లలో నాకన్నా బాగా వాయించే పిల్లలున్నారు, వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టండి. పదహారో రోజున టికెట్ పెట్టి జనాన్ని పిలవండి. నచ్చనివాళ్లు లేచి వెళ్తారు, వెళ్లనివ్వండి.

పోయిన వారం ఆ పెద్దాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. డెబ్బై దాటాయి, ఇప్పుడు కొడుకు వాయిస్తున్నాడు. అంతా విని, “ఎప్పటి సంది రావాలె?” అని అడిగాడు.

తేదీ ఇంకా లేదన్నాను.