నిద్రను అమ్ముకునే పోటీ

సూరత్ మరమగ్గాలపై తెలుగు కార్మికులు నేసిన బట్ట రాష్ట్రాల సరిహద్దులు దాటి మన ఊళ్ళకు చేరుతున్నది. ఆ సరుకు కోసం రైలు, లారీ పోటీపడుతున్నాయి. పోటీకి మనం వ్యతిరేకులం కాము. కాని డ్రైవరు నిద్రను హరించి కిరాయి తగ్గిస్తే అది పోటీ కాదు, దోపిడి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనినే నిర్దేశించినా, ఐదుగురికన్న తక్కువ కార్మికులున్న సంస్థలను వదిలివేసింది. పరాయి దేశంలో అంతర్గత సరుకు రవాణా చేసే డ్రైవరుకు ఆ దేశపు వేతన నియమాలే వర్తించాలని ఐరోపా సమాఖ్య 2020లో శాసించింది. ఇక్కడ ఒక్క లారీ యజమాని వద్ద పనిచేసే డ్రైవరుకైనా పనిగంటల పరిమితి అమలు కావాలి. రైల్వే, తపాలా సోదరులారా! అతడు మన ప్రత్యర్థి కాడు. అతని విశ్రాంతి కోసం పోరాడటమే మన ఉద్యోగాలకు రక్షణ.