నల్లగొండ ఎండల కూసొని లైటు కొనుడేంది?

ఈసారి పోస్టు జర పెద్దగున్నది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ ఆఖరిదాక చదవండి. ఎందుకంటే ఇది నాలుగైదు లక్షల అప్పు ముచ్చట.

గ్రో లైట్లోళ్లు మన దిక్కు కూడ వచ్చిన్రు. ఫంక్షన్‌హాల్‌ల మీటింగ్, మధ్యాహ్నం భోజనం, స్టేజీ మీద వంగపండు రంగు లైట్ల కింద నాలుగు ట్రేల కొత్తిమీర. "పొలం అక్కర్లేదు, వాన అక్కర్లేదు, ఒక రూము చాలు, నెలనెలా ఆదాయం, పంట మేమే కొంటం" అని చెప్తున్నరు. యూట్యూబుల చూసి మన పిల్లలు కూడ "నాన్నా, ఇదే ముందటి వ్యవసాయం" అంటున్నరు. పిల్లల మీద నాకు కోపం లేదు. చదువుకున్నోడు కొత్తది చేద్దామనుకునుడు తప్పు కాదు. నా కోపం లెక్క చెప్పకుండ లైటు అమ్మేటోళ్ల మీద.

లెక్క వాళ్లు చెప్పరు కాబట్టి మనమే చేద్దాం. నేను ఇంటర్ చదివిన, పెద్ద సైంటిస్టును కాదు. కానీ ఇది గుణకారం, భాగహారమే, ఎవరికైనా వస్తది.

మొక్క తినే వెలుతురును "మోల్" అనే కొలతల చెప్తరు. వడ్లను క్వింటాళ్లల్ల కొలిచినట్టు, వెలుతురును మోల్స్‌ల కొలుస్తరు, గంతే. మన తెలంగాణల మబ్బు లేని రోజు చదరపు మీటరు భూమి మీద దాదాపు 40 మోల్స్ పడుతది, పైస తీసుకోకుండ. ఆకుకూరకు రోజుకు 15 అయినా సరిపోతది. వరి, మిర్చి, టమాటకు దండిగ కావాలె.

ఇప్పుడు లైట్ల సంగతి. ఒక్క యూనిట్ కరెంటు కాలిస్తే ఏ లైటు ఎన్ని మోల్స్ ఇస్తదో చూడండి. పాతకాలపు దారం బల్బు ఒక్కటి ఇస్తది, మిగిలిందంత వేడే. ట్యూబ్‌లైటు మూడు. హైవే మీద పచ్చగ వెలిగేటియి ఉండె చూడు, సోడియం లైట్లు, వాటిల్ల కొత్తరకం పెద్దయి ఆరు దాక ఇస్తయి, పాత చిన్నయి అందుల సగం కంటె జర ఎక్కువ. ఇంట్ల పెట్టుకునే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు నాలుగైదు. మొక్కల కోసమే చేసిన మంచి ఎల్ఈడీ తొమ్మిది, పదికి మీద పడుతది. కాబట్టి "ఏ లైటు మంచిది" అని అడిగితే ఎల్ఈడీనే. దాంట్ల పంచాయితీ లేదు. అమ్మేటోడు కూడ గిదే చెప్తడు, ఆడ అబద్ధమేం లేదు. మోసం ఎక్కడున్నదంటే, లైటులకెల్ల మంచి లైటు చూపించి, లైటుకు ఎండకు నడుమ లెక్క దాచిపెడుతున్నరు.

మంచి ఎల్ఈడీనే పెట్టినం అనుకో. మన ఎండ ఇచ్చే 40 మోల్స్ కరెంటుతోని ఇయ్యాలంటే చదరపు మీటరుకు రోజుకు నాలుగున్నర యూనిట్లు కావాలె. గుంటకు 450 యూనిట్లు. ఎకరానికి రోజుకు 18 వేల యూనిట్లు! యూనిట్ 8 రూపాయలు అనుకుంటే రోజుకు లక్షా నలభై నాలుగు వేలు. నువ్వు పొద్దుగాల చేనుకు పోయి గట్టు మీద నిలబడ్డప్పుడు నీ ఎకరం మీద ఊరికెనే పడుతున్న ఎండ విలువ గంత. దాన్ని ఇడిచిపెట్టి, తలుపులు మూసుకొని, రూముల కృత్రిమ ఎండ కొనుక్కోమని చెప్తున్నడు వాడు.

"మేం వరి పెట్టమనలే, ఆకుకూర పెట్టమన్నం" అంటడు. సరే, అది కూడ చూద్దాం. పదడుగులకు పదడుగుల రూము. నడవనీకె జాగ వదిలి సగం నేల మీద ర్యాకులు, నాలుగు అరలు. మొత్తం కలిపితే 18 చదరపు మీటర్ల పంట, అంటే గుంటల ఐదో వంతు కూడ కాదు. రోజుకు 15 మోల్స్ చొప్పున 31 యూనిట్లు లైటుకే పోతయి. లైటుల పోసిన కరెంటంత చివరికి వేడే అయితది కాబట్టి, మూసిన రూముల ఏసీ పెట్టకుంటే ఆకు ఉడికిపోతది. ఏసీకి ఇంకో పది యూనిట్లు. రోజుకు 41, నెలకు పన్నెండు వందల యూనిట్ల మీద. దగ్గర దగ్గర పదివేల బిల్లు. అసలు, మిత్తి, విత్తనం, మందునీళ్లు, నీ కష్టం ఇంకా లెక్కల రాలే. గుంటల ఐదో వంతు కొత్తిమీర అమ్మి నెలకు పదివేలు కరెంటాఫీసుకు కట్టేటోడు ఎవరన్న ఉంటే నాకు చూపించండి, పోయి దండం పెట్టొస్త.

మన దగ్గర ఎండ తక్కువై పంట పోయిందా ఎప్పుడన్న? టమాట నారు, మిర్చి నారు పోసినప్పుడు మనమేం చేస్తం? షేడ్‌నెట్ కడుతం, ఎండను సగం ఆపనీకె. నల్లగొండ రాష్ట్రంల ఎక్కువ ఎండ గొట్టే జిల్లాలల్ల ఒకటి. పాలమూరు బత్తాయి, మామిడి తోటల్ల ఏప్రిల్ నెలల కాయ ఎండకు కాలి మచ్చపడుతది. మన కొరత నీళ్లు, కూలీలు, ధర. మనకు కొరత లేనిది ఒకటే ఒకటి, వెలుతురు. సరిగ్గ అదే మనకు అమ్మవచ్చిన్రు.

ఈ లైట్లు పుట్టిన జాగల వేరే కథ. హాలెండుల చలికాలం పొద్దు సక్కగ కనపడదు, అందుకే అక్కడి గ్లాస్‌హౌస్‌లల్ల సోడియం లైట్లు ఏండ్లకేండ్లు పెట్టుకున్నరు. ఆ లైటు వేడి కూడ వాళ్లకు అక్కరొచ్చింది. మనకు ఆ వేడే శత్రువు. మరి పూర్తిగ లైట్ల మీదనే పండించినోళ్లు బాగుపడ్డరా అంటే, అమెరికాల ఏరోఫామ్స్ అనే పెద్ద కంపెనీ 2023 జూన్‌ల దివాలా పిటిషన్ పెట్టింది. బోవెరీ 2024 నవంబర్‌ల మూతపడ్డది. ప్లెంటీ 2025 మార్చిల కోర్టుకెక్కింది. కోట్ల డాలర్లు, ఇంజనీర్లు, సైంటిస్టులు ఉన్నోళ్ల సంగతిది. దేవరకొండల రేకుల షెడ్డుల మనం చేసి లాభం తీస్తమని స్టేజీ మీద మైకు పట్టుకొని చెప్తుంటే చప్పట్లు కొడుతున్నం.

కుంకుమపువ్వు ముచ్చట కూడ చెప్పాలె, దాని పేరు చెప్పే ఎక్కువ మందిని పడగొడుతున్నరు. రూముల కుంకుమపువ్వు పూస్తది, అది నిజం. గడ్డల ఆహారం ముందే ఉంటది, అది చల్లగ ఉంచితే అక్టోబర్, నవంబర్‌ల పువ్వు తీస్తది. పువ్వు తీయనీకె లైటు పని చాన తక్కువ, చల్లదనం పని ఎక్కువ. అసలు కష్టం పువ్వు అయినంక మొదలైతది. ఆ గడ్డ మళ్ల వచ్చే ఏడు పూయాలంటే ఆకు పెరిగి, వెలుతురు తిని, పిల్లగడ్డలు పెట్టాలె. కాశ్మీరుల అది చలికాలమంత పొలంల జరుగుతది. మన రూముల ఆ పని లైట్లు చేయాలె, నెలల తరబడి. అది సక్కగ కాకపోతే గడ్డలు సన్నబడి రెండో ఏడు పువ్వు పడిపోతది, మళ్ల ఎవరి దగ్గర గడ్డలు కొనాలె? అమ్మినోడి దగ్గరనే. ఒక గ్రాముకు 150 పువ్వుల దాక కావాలె, చేతితోని ఏరాలె. ఈ ముచ్చట వీడియోల ఉండదు.

"పంట మేమే కొంటం" అనే మాట విన్నప్పుడల్ల నాకు ఈము పక్షులు యాదికొస్తయి. 2012ల తమిళనాడు పెరుందురై దిక్కు ఈము కంపెనీ కూలితే వేలమంది మునిగిన్రు. మన తెలుగు రైతులు కూడ ఆ పక్షులను కొని, మేపలేక, అమ్మలేక తిప్పలు పడ్డరు. అప్పుడు కూడ పిల్ల మేమే ఇస్తం, దాణా మేమే ఇస్తం, పక్షిని మేమే కొంటం అన్నరు. కొనే ధర, కొనే తారీకు, కొనకపోతే ఎవరి మీద కేసు వేయాలె అన్నది కాగితం మీద లేకుంటే ఆ మాటకు విలువ లేదు.

ఇంతకు లైటుతోని మనకు పనే లేదా అంటే, ఉన్నది. ఇది నిమ్మళంగ చదవండి.

వెలుతురు మొక్కకు రెండు తీర్ల పనిచేస్తది. ఒకటి అన్నం, రెండోది కబురు. అన్నం పెట్టాలంటే బండెడు కావాలె, పైన చెప్పిన లెక్కంత అదే. కబురు చెప్పనీకె కొంచెం చాలు. ఇది మనకు తెల్వని సంగతి కాదు. రోడ్డు పక్క వీధిలైటు వెలుతురు పడే సాళ్లల్ల పాతరకం కంది చూడండి. పచ్చగ ఏపుగ పెరుగుతది, పూత మాత్రం ఎనుకబడుతది. కందికి రాత్రి పొడుగైందని తెలిస్తేనే పూతకొస్తది. లైటు దానికి రాత్రి కాలేదని తప్పుడు కబురు చెప్తున్నది. చామంతి కూడ గట్లనే. కర్ణాటకల చామంతి రైతులు రాత్రిపూట చేన్ల బల్బులు పెట్టి పూతను ఆపి, మొక్కను పెంచి, పండుగకు ధర ఉన్నప్పుడు పూయిస్తరు.

డ్రాగన్ ఫ్రూట్‌ది ఉల్టా. పొద్దు పొడుగున్నప్పుడే పూస్తది, అందుకే మన దగ్గర ఎండాకాలం చివర మొదలై అక్టోబర్ దాక కాస్తది, చలికాలం ఆగిపోతది. వియత్నాంల బిన్ తువాన్ దిక్కు రైతులు ఎప్పటి నుంచో రాత్రి నడుమ కొన్ని గంటలు బల్బులు వేసి కాలం కాని కాలంల పూయిస్తున్నరు. మొదట 60, 75 వాట్ల దారం బల్బులు పెట్టిన్రు, తర్వాత సీఎఫ్ఎల్, ఇప్పుడు ఎల్ఈడీ. మన రాష్ట్రంల కూడ కొన్ని డ్రాగన్ తోటల్ల ఇది చేస్తున్నరు.

ఇక్కడ లైటుకు లైటుకు తేడా నిజంగ లెక్కలకొస్తది. ఎకరానికి 500 స్తంభాలు, స్తంభానికో బల్బు, రాత్రికి నాలుగు గంటలు అనుకుందాం. 9 వాట్ల ఎల్ఈడీ అయితే నాలుగున్నర కిలోవాట్లు, అంటే ఆరు హెచ్‌పీ మోటారంత లోడు, రాత్రికి 18 యూనిట్లు. 60 వాట్ల దారం బల్బులు అయితే 30 కిలోవాట్లు, రాత్రికి 120 యూనిట్లు. మోటార్లు నడుస్తున్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ 30 కిలోవాట్లు వేస్తే తెల్లారేసరికి అది కాలిపోతది, నీ డ్రాగన్ సంగతేమో గని పక్కోని వరి ఎండుతది. రూముల వరి ఎకరానికి రోజుకు 18 వేల యూనిట్లు, తోటల డ్రాగన్ ఎకరానికి రాత్రికి 18 యూనిట్లు. అన్నం పెట్టే లైటుకు, కబురు చెప్పే లైటుకు వెయ్యి రెట్ల తేడా. కబురు పనికి వంగపండు రంగు లైటు అక్కర్లేదు. వానకు తడవని హోల్డరు, ఎర్రఛాయ ఉన్న మామూలు ఎల్ఈడీ బల్బు చాలు. అయితే బల్బు పెట్టంగనే మొగ్గ రాదు. మొక్క బలంగ ఉండాలె, రాత్రులు మరీ చలి ఉండొద్దు. కాబట్టి పది స్తంభాలకు పెట్టి చూసి, తర్వాతనే ఎకరం.

"బోరుకు ఫ్రీ కరెంటు ఉన్నది కద, దాని నుంచే లైట్లు గుంజు" అని సలహా ఇచ్చేటోళ్లు కూడ ఉన్నరు. 2018 జనవరి 1 నుంచి మనకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది మోటార్లకు. దాని పేరు మీద షెడ్లు, రూములు నడిపితే రేపు మీటర్లు పెట్టమని అడిగేటోళ్లకు మనమే సాకు ఇచ్చినట్టు. తోటల బల్బులైనా సరే, ముందుగాల ఏఈని కలిసి, లోడు చెప్పి, కాగితం మీద పర్మిషన్ తీసుకొని చేయండి. పక్క చేన్ల కంది ఉంటే ఆ రైతుకు కూడ చెప్పి చేయండి. నీ బల్బుకు వాని పూత పోతే గట్టు పంచాయితీ కొత్తది మొదలైతది.

ఇంకొకటి ఒప్పుకోవాలె. టిష్యూ కల్చర్ ల్యాబులల్ల అరటి మొక్కలకు లైట్లు కావాలె, అక్కడ ట్యూబులు తీసి ఎల్ఈడీ పెట్టుకునుడు మంచి పని. హైదరాబాదుల ఫ్లాటుల ఉండి, పక్క హోటలుకు మొలక ఆకులు అమ్మేటోడు చిన్న లైటు పెట్టుకుంటే వానికి గిట్టొచ్చు. వానికి కొనేటోడు లిఫ్టు దిగితే దొరుకుతడు. అచ్చంపేటల ఉన్న నీకు దొరకడు.

ములుగు హార్టికల్చర్ యూనివర్సిటీ సార్లకు, పాలెం, కంపాసాగర్, మదనాపురం కేవీకే సార్లకు ఒక్క మాట. డ్రాగన్‌కు ఏ బల్బు, ఎన్ని వాట్లు, ఎన్ని రాత్రులు, మన చలికి ఎన్ని మొగ్గలు అనేది మా జిల్లాల తోటలల్లనే చేసి, తెలుగుల ఒక్క పేజీ రాసి ఇయ్యండి. ఆ పేజీ లేకనే మా పిల్లలు అమ్మేటోని వీడియోను పాఠం లెక్క చదువుతున్నరు.

మీటింగులకు పోయేటోళ్లు పోండి, భోజనం తినండి. కానీ పోయేముందు మోటారు మెకానిక్ దగ్గర క్లాంప్ మీటర్ అడుక్కపోండి. డబ్బా మీద "1000 వాట్స్" అని రాసిన లైటు వైరుకు ఆ మీటర్ పెట్టండి. చాలా వాటిల్ల నిజంగ గుంజేది అందుల పదో వంతు, ఐదో వంతే ఉంటది. తర్వాత స్టేజీ మీదున్న సారును మూడే అడగండి. ఈ లైటు ఒక యూనిట్‌కు ఎన్ని మోల్స్ ఇస్తది, ఈ ర్యాకు నెల కరెంటు బిల్లు ఎంత, పోయిన నెల బిల్లు కాగితం చూపిస్తవా? బిల్లు చూపించినోని ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, అది చూసి ఆయన లెక్క కూడ ఇదే పేజీల రాస్త.