స్కాన్ చేసేశాం కదా, ఇక పోయినా పర్లేదా?

పోయిన నెల ఒక ఆదివారం నేనూ నా రూమ్మేట్ అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న పాత చింతచెట్టు దగ్గరికెళ్లాం. దాన్ని త్రీడీలో స్కాన్ చేయాలని. సీనియర్‌ని బతిమాలి తెచ్చుకున్న ఐఫోన్ ప్రోలో లైడార్ ఉంది గానీ, అది అందేది ఐదు మీటర్ల దాకానే. అందుకని చెట్టు చుట్టూ తిరుగుతూ రెండొందల ఫొటోలు తీశాం. అక్కడ కూర్చున్న ఓ పెద్దాయన నవ్వి, "చెట్టు ఫొటోనా తమ్మీ? అది ఏడికి పోతది?" అన్నాడు.

రాత్రంతా లాప్‌టాప్ కష్టపడింది. మొదలు బ్రహ్మాండంగా వచ్చింది, బెరడు ముడతలతో సహా. కొమ్మలు మాత్రం గాలికి కదిలాయి కదా, పచ్చటి పొగలా తేలాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నది ఆ కొమ్మలెక్కే!

ఆ పెద్దాయన ప్రశ్నకి నా జవాబు: చెట్టు ఎక్కడికీ పోకపోవచ్చు, దాని చుట్టూ ఉన్నది పోతోంది. విన్సెంట్ ఎష్ డిజైన్ చేసిన ఆ గుమ్మటాల ఆసుపత్రి పాత భవనాన్ని 2020 జులై వానల్లో వార్డుల్లోకి నీళ్లొచ్చాక ఖాళీ చేయించారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మూసీ ఒడ్డుని మార్చే ప్లాన్లూ నడుస్తున్నాయి. ఆసుపత్రి కదిలితే మందుల షాపులు, టిఫిన్ బండ్లు, ఫుట్‌పాత్ మీద చాప పరుచుకునే పేషెంట్ల బంధువులు... వీళ్లంతా కదులుతారు. భవనం నిలబడినా అది మనకి తెలిసిన అఫ్జల్‌గంజ్ కాదు.

"అందుకే స్కాన్ చేసి పెట్టుకోవాలి, నోట్రడామ్‌ని చూడు" అన్నాడు మా సీనియర్. నిజమే, ఆండ్రూ టాలన్ అనే ఆయన ముందే లేజర్‌తో కొలిచి పెట్టిన పాయింట్ క్లౌడ్ 2019 అగ్నిప్రమాదం తర్వాత మరమ్మతులకి పనికొచ్చింది. కానీ పనికొచ్చింది ఎందుకు? దాన్ని మళ్లీ నిలబెట్టాలని వాళ్లు ముందే అనుకున్నారు కాబట్టి. మన దగ్గర "డిజిటల్ కాపీ ఉందిగా" అన్న మాట కూల్చివేతకి పర్మిషన్‌లా మారుతుందేమోనని నా భయం.

1908 వరద తర్వాత లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో ఈ నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి మ్యాపులు గీశారు. ఇవాళ పాత హైదరాబాద్ గురించి ఎవరు వెతికినా వాటి దగ్గరికే వెళ్తారు. ఆ పని ఒక్కసారి జరిగింది. మనం ఏటా చేయొచ్చు. వానలకి ముందొక స్కాన్, తర్వాత ఒకటి తీసి పక్కపక్కన పెడితే ఏ గోడ ఎంత ఒరిగిందో, ఏ పెచ్చు ఊడిందో కనిపిస్తుంది. అప్పుడు "శిథిలమైపోయింది" అన్నవాళ్లని ఎక్కడ, ఎంత అని అడగొచ్చు. సివిల్ వాళ్లకి టోటల్ స్టేషన్ వచ్చు, సీఎస్ఈ వాళ్లకి కోడ్ వచ్చు, మన క్లబ్ వాళ్లకి ఆ చాప మీద కూర్చున్నవాళ్లతో మాట్లాడటం వచ్చు (వచ్చనే అనుకుంటున్నా). ఆ మాటలు కూడా మోడల్‌కి జతచేయాలి. లేకపోతే అది ఒట్టి చెట్టు ఆకారమే.

మళ్లీ వెళ్తున్నాం, ఈసారి గాలి లేకుండా పొద్దున్నే ఆరింటికి. కొమ్మల కోసం పొడుగాటి సెల్ఫీ స్టిక్ ఎవరి దగ్గరైనా ఉంటే పట్టుకుని రండి.