ఇంటి కాగు, ప్రభుత్వపు బొక్కసము

మద్యపు దుకాణముల యెదుట ఎండలో నిలిచి కరపత్రములు పంచిన మేము, ఏలు అనెడి ఆంగ్లపానీయమును ఇంట కాచుకొను విధమును గూర్చి ఈ పుటలో వ్రాయబూనుట కొందఱు పాఠకులకు వింతగా తోపవచ్చును. మేము ఆ పానీయమును పుచ్చుకొనువారము కాము, ఇకముందును పుచ్చుకొనబోము. అయినను ఇరువదేండ్లుగా న్యాయస్థానముల మెట్లెక్కి దిగుచున్నవారమగుటచే, ఒక పనిని చట్టము నేరమనునపుడు అది ఏల నేరమని అడుగక ఊరకుండలేము. ఈ ప్రశ్న మాకు మొన్నటి వేసవిలో, అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున, మా మేనల్లుని వంటయింట ఎదురైనది.

మావాడు ఇంజనీరు, మితభాషి. ఒక శనివారమునాడు తెల్లవారగనే పెద్ద స్టీలు కాగును, మూతగల బక్కెట్టును, ఉష్ణమాపకమును, చిన్న త్రాసును వరుసగా పేర్చి, "మామయ్యా, ఇవాళ నేను ఏలు కాస్తున్నాను. మీరు తాగనక్కరలేదు, ఊరికే చూడండి" అనెను. చాటున చేయక మాతో చెప్పి చేసినందుకు సంతసించి, కుర్చీ వేసికొని కూర్చుంటిమి. మధ్యాహ్న భోజనపు వేళ వఱకు లేవలేదు.

ఏలునకు మూలము మాల్టు. బార్లీగింజలను నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలిలో ఎండించినచో మాల్టగును. మన తల్లులు రాగులను మొలకగట్టి, ఎండబెట్టి, విసరి బిడ్డలకు జావ కాచిపోయుటయు ఈ పనియే. దానిని రాగిమాల్టనియే పిలుచుచున్నాము గదా! మొలకవచ్చు వేళ గింజలో పుట్టు ఎంజైములు పిండిని చక్కెరగా మార్చగలవు. ఆ మార్పును సరియైన వేడిలో జరుపుట కొంత నేర్పుతో కూడిన పని. అందుచే క్రొత్తగా నేర్చువారి కొఱకు మాల్టురసమును ముందే తీసి, చిక్కబఱచియు పొడిచేసియు అమ్ముదురు. మావాడు పొడినే కొనెను. ఐదు గాలనులకు, అనగా సుమారు 19 లీటర్లకు, మూడు కిలోలకు కొంచెము తక్కువ పట్టినది. అది నీటిలో కరగి మరుగుచుండగా ఇల్లంతయు హార్లిక్సు వాసన నిండెను. ఇంతవఱకు మాకు ఆక్షేపింపదగినదేదియు కనబడలేదు.

ఇక హాపులు. హాపు ప్రాకుడుతీగ. గంజాయి మొక్క కుటుంబములోనిదే యైనను గంజాయి మత్తు దీనిలో లేదు. ఆడుతీగల పూగుత్తులు పచ్చని చిన్న దేవదారు కాయలవలె నుండును; రెమ్మల మొదట పసుపుపచ్చని పుప్పొడివంటి పదార్థ ముండును. చేదును సువాసనయు అందే యున్నవి. కాని ఈ రెండింటికిని పొత్తు లేదు. చేదు దిగవలెనన్న గంటసేపు మరుగవలయును. గంటసేపు మరిగినచో సువాసననిచ్చు తైలము ఆవిరియై పోవును. కావున 28 గ్రాములు మొదటనే వేసి, మఱి 28 గ్రాములు పొయ్యి ఆర్పు వేళకు వేసి, అంతకు ఇబ్బడిగా పులియుట ముగియవచ్చినపుడు చల్లని ద్రవములోనే వేసినాడు. చారులో మిరియములు ముందును, కొత్తిమీర దింపునపుడును వేయు మన యింటి స్త్రీలకు ఈ రహస్యమును వేఱుగా చెప్పనక్కరలేదు. ఆతడు వాడినది కాస్కేడ్ అను రకము. ఆరిగాన్‌లోనే పుట్టించి 1972లో రైతులకు విడుదల చేసినది. పంపరపనస తొక్క వాసన కొట్టును.

కాచిన రసమును వెంటనే చల్లార్చి, 11 గ్రాముల ఈస్టు పొట్లమును చల్లి, 20 డిగ్రీలకు మించని చోట ఉంచవలయును. అంతకు మించి వేడెక్కినచో ఈస్టు తొందరపడి ఘాటైన చెడురుచులను పుట్టించును. అన్నిటికంటె ముఖ్యము శుభ్రత. పొయ్యిమీదనుండి దింపినది మొదలు, రసమును తాకు ప్రతి గరిటెయు ప్రతి గొట్టమును క్రిమిరహితము కావలయును. లేనిచో మనము కోరిన ఈస్టునకు ముందే కోరని సూక్ష్మజీవులు విందు నారగించును. మావాడు చేతులు కడిగి కడిగి, దేనిని తాకక దూరదూరముగా మసలుట చూడగా, మడికట్టుకొని పచ్చళ్లు పెట్టు మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఈ పోలికను విన్నచో ఆమె మమ్మేమనెడిదో!

అతని మొదటి ప్రయత్నము మాత్రము నవ్వులపాలైనదట. ఐదవనాటికే బుడగలు తగ్గినవని తలచి సీసాలకెత్తి, అలమారలో పెట్టెను. పదునైదు దినములకు నడురేయి తుపాకి ప్రేలినట్లు ఒకదాని వెంట నొకటి నాలుగు సీసాలు పగిలినవి. చక్కెర మిగిలియుండగా సీసాకు బిరడా బిగించిన, ఈస్టు దానిని తినుచు బొగ్గుపులుసువాయువును విడుచుచునేయుండును; ఆ వాయువునకు వెలుపలికి దారి లేదు. ఎవరికిని గాయము కాకుండుట అదృష్టము. ఇప్పుడాతడు సాంద్రతామాపకమును రెండు మూడు దినముల యెడముతో ముంచి చూచి, అంకె కదలలేదని రూఢిచేసికొనిన పిదపనే, 19 లీటర్లకు 110 గ్రాముల చక్కెరను తూచి కలిపి సీసాలకెత్తుచున్నాడు. తరువాత మఱి రెండు వారములు వేచియుండవలయును. ఎట్లు చూచినను నెలదినముల పని.

మమ్ము ఆలోచింపజేసినది ఈ నెలదినములే. దుకాణమునకు పోయినవానికి ఐదు నిమిషములలో సీసా చేతికి వచ్చును. కూలిడబ్బు చేతబడిన సాయంకాలమే ఆలుబిడ్డలను మఱచి త్రాగువాడు, త్రాసు పట్టి, అంకెలు వ్రాసికొని, నెలదినములు కనిపెట్టుకొనియుండునా? మేము ఇన్నేండ్లుగా పోరాడుచున్న పిశాచమును ఈ కాగును ఒకటే యని మేము ప్రమాణము చేసి చెప్పలేము. అయినను చట్టములు చిరకాలము కాగునే వేటాడినవి.

ఇంగ్లాండు కథ చూడుడు. అచట మాల్టుపై పన్ను 1697లో విధింపబడినది. ఒకప్పుడు పల్లెకూలీలు సయితము తమ యిండ్లలో ఏలు కాచుకొనెడివారు. విలియం కాబెట్ అను పత్రికారచయిత యుండెను. సైన్యములో కొరడాదెబ్బలను ఖండించి వ్రాసినందుకు రెండేండ్లు న్యూగేట్ చెరసాలలో మగ్గినవాడు. ఆయన 1821 మొదలు పేదకుటుంబముల కొఱకు ప్రకటించిన 'కాటేజ్ ఎకానమీ' గ్రంథమును ఇంట ఏలు కాచుటతోనే ప్రారంభించెను. ఆయన వాదము సూటియైనది: మాల్టుపైని హాపులపైని పన్నులు కూలివాని కాగును చల్లార్చినవి, కాగు చల్లారుటచే వాడు త్రాగుట మానలేదు, ఇల్లు విడిచి పానశాలకు పోయినాడు. 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టుపన్నును తీసివేసి పన్నును ఏలుమీదికే మార్చినపుడు, ఇంట కాచువానికి లైసెన్సు తప్పనిసరి చేసిరి. ఆ లైసెన్సును రద్దుపఱచినది 1963లో. ఎనుబదిమూడేండ్లు పట్టినది!

అమెరికాలో 1920నుండి 1933 వఱకు సంపూర్ణ మద్యనిషేధముండెను. అది తొలగిన పిదప ఇంట ద్రాక్షసారాయము చేసికొనుటకు అనుమతించిరి గాని, బీరును విస్మరించిరి. ఒక్క మాట చట్టములో లేకపోవుటచే నలువదియైదేండ్లు ఇంటి ఏలు నేరముగా నుండిపోయినది. 1978 అక్టోబరులో కార్టరు అధ్యక్షుడు సంతకము చేసిన శాసనము 1979 ఫిబ్రవరినుండి అమలునకు వచ్చెను. ఒక వయోజనుడున్న యింట ఏడాదికి 100 గాలనులు, ఇద్దఱో అంతకు మించియో యున్న యింట 200 గాలనులు, పన్నులేకుండ కాచుకొనవచ్చును, అమ్మరాదు. రాష్ట్రముల చట్టములు వేఱు. అలబామా, మిస్సిసిపీ రాష్ట్రములు 2013 వఱకు ఒప్పుకొనలేదు. ఇండ్లలో బట్టీ పెట్టి సారాయి దించుటకు మాత్రము 1978నాటి శాసనము అనుమతి నీయలేదు. అందు న్యాయమున్నది; దించుటలో అగ్నిభయమును విషభయమును కలవు, పులియబెట్టుటలో అవి లేవు. అమెరికాలో చదువుకొనుచున్న మన బిడ్డలు ఇరువదియొకటవ యేడు నిండకుండ ఈ పనికి పూనుకొనకుందురు గాక!

ఇంటి కాగునుండియే అచట ఒక పరిశ్రమ లేచినది. కాలిఫోర్నియాలోని చికోలో ఇంట కాచుకొనువారికి సామగ్రి అమ్ముకొనుచుండిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెరా నెవాడా అను బ్రూవరీని నెలకొల్పి, కాస్కేడ్ హాపులనే దండిగా వాడెను. 1970 దశాబ్దపు తుదినాటికి ఆ దేశమున నూఱు బ్రూవరీలు లేవు; ఇప్పుడు తొమ్మిదివేలకు పైబడియున్నవి.

హాపులు మెండుగా వేసిన ఈ ఏలునకు ఇండియా పేల్ ఏల్ అని పేరు. 18వ శతాబ్దపు తుదిభాగమున లండనులోని బో ప్రాంతమునుండి హాడ్జ్‌సన్ అనువాడు కంపెనీ ఓడలపై మన రేవులకు ఇటువంటి ఏలును పంపుచుండెను. 1820 తరువాత బర్టన్ పట్టణమువారు ఆ వర్తకమును లాగికొనిరి. గుడ్‌హోప్ అగ్రమును చుట్టివచ్చు నెలలతరబడి ప్రయాణములో హాపులు దానిని చెడకుండ కాపాడినవి. బార్లీ వారిది, హాపు వారిది, ఓడ వారిది, త్రాగినవారును వారే. మనది పేరొక్కటే!

ఇక మన యింటికి వత్తము. మద్యము రాష్ట్రములకు వదలిన విషయము. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను 1968నాటి ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేకుండ మత్తుపానీయమును తయారుచేయుట నేరము. పరిమాణము స్వల్పమనియు, అమ్మకము లేదనియు చెప్పుట విడుదలకు చాలదు. హైదరాబాదులోని మైక్రోబ్రూవరీలో ఇదే హాపుల ఏలును లైసెన్సుపై కాచి గ్లాసుకింతయని అమ్మవచ్చును. అదే ఏలును అదే వీథిలో ఒక గృహస్థుడు తనకొఱకు కాచుకొన్న దోషి యగును. ఇందులో ఆరోగ్యమేది? నీతియేది? త్రాగుట తప్పైనచో రెండుచోట్లను తప్పే. తప్పు త్రాగుటలో లేక, పన్ను చెల్లింపకుండుటలో నున్నచో, ఆ మాట బిగ్గఱగా చెప్పుటకు సిగ్గేల? కొనవచ్చునుగాని చేసికొనరాదను శాసనమును ఈ దేశము 1930లో ఉప్పు విషయమున చూచియున్నది. ఉప్పు ప్రాణావసరము, ఏలు కాదు. పోలిక ఇచటితో ఆగును. కాని శాసనకర్త చూపు రెండింటను బొక్కసముమీదనే యున్నది.

రాజ్యాంగములోని 47వ అధికరణము మద్యనిషేధమునకు పాటుపడుమని రాజ్యమును ఆదేశించుచున్నది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లేచినది ఎవరి వంటయింటి కాగుమీదనో కాదు. ప్రభుత్వము పాటపాడించిన సారాయి దుకాణముమీద. వారి పోరాట ఫలముగా 1993లో సారాయియు, 1995లో మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో నిషేధమును సడలించునపుడు మొదట వినబడినది ఖజానా గోడు. ఆ స్త్రీలు నేడు ఎక్సైజువారిని అడుగదగిన ప్రశ్ననే మేము అడుగుచున్నాము: దుకాణము తెఱచియుంచి కాగును బోర్లించుట ఏ అధికరణము క్రిందిది?

దీనికి ప్రత్యుత్తరము లేకపోలేదు. దుకాణమునకు మూయు వేళ యున్నది. ఇంటిలోని బక్కెట్టునకు లేదు. నోరెత్తలేని ఇల్లాలున్న యింట 19 లీటర్లు సిద్ధముగా నుండుట మేలా యని ఒక సోదరి మమ్ము అడిగినది. ఆమె భయమును మేము కొట్టివేయజాలము. మా మేనల్లుని వంటి లెక్కలవాడు ఒకడుండిన, లెక్క తెలియనివారు పదుగురుందురు. కావున ముందుగా దుకాణములు మూయుడనియే మేము కోరుచున్నాము. అది చేయనంతకాలము, ఇంట కాచుకొన్న యువకుని బోనులో నిలిపి ప్రజారోగ్యమును గూర్చి ఉపన్యసించు హక్కు ప్రభుత్వమునకు లేదని మాత్రము చెప్పుదుము. చట్టము మాఱువఱకు మన యువకులు ఇచట ఈ పనికి పూనుకొనవలదు. చట్టము తప్పని తోచినవారు బహిరంగముగా వాదింపవచ్చును, మేము వారి పక్షమున వకాల్తా పుచ్చుకొందుము.

మేము ఆరిగాన్ విడుచుటకు ముందునాడు మావాడు ఆ ఏలును చిన్నగ్లాసులో పోసి మా ముందుంచెను. వాసన చూచి తిరిగి యిచ్చితిమి. పంపరపనస తొక్క మాట నిజమే. ఈ నెల వచ్చిన జాబులో, మూడవసారి కాచినది గోధుమరంగు సీసాలలో చీకటిగదిలో నున్నదనియు, వెలుతురు సోకిన హాపులు దుర్వాసన కొట్టుననియు, ఇంతవఱకు ఒక్క సీసాయు పగులలేదనియు వ్రాసినాడు.