మనుష్యస్వభావవాచకములు: పర్యాయపదాభ్యాసము

‘ఛాందసుడు’ అను పదమునకు పర్యాయపదమును వ్రాయుమని అడిగినచో, అమరకోశమును చదివిన విద్యార్థి ‘శ్రోత్రియుడు’ అని వ్రాయును. వాడుకతెలుగును మాత్రమే యెరిగిన విద్యార్థి ‘చాదస్తుడు’ అని వ్రాయును. రెండు సమాధానములకును ఆధారము కలదు. కాని మొదటివాడు తాను నేర్చిన పదముతో ఒక వేదపండితుని తెలుగువారి సభకు పరిచయము చేసినచో, గౌరవింపబోయి పరిహసించినవాడగును. ఇందు కోశము చేసిన తప్పు లేదు. ఒక పదమునకు బదులుగా నిస్సంశయముగ నిలుపదగిన వేరొక పదమే పర్యాయపదమని బోధించు పద్ధతియందే తప్పున్నది.

వస్తువాచకములయెడ ఈ ప్రమాదము స్వల్పము. వృక్షమును తరువన్నను, భూరుహమన్నను చెట్టునకు వచ్చు లోపము లేదు. శైలి మారవచ్చును, ఛందస్సునకు సౌకర్యము కలుగవచ్చును. మనుష్యుని స్వభావమును, యోగ్యతను, స్థితిని తెలుపు పదములు అట్టివి కావు. అట్టి ప్రతి పదమునందును పేర్కొనబడినవానితోపాటు పేర్కొన్నవాడును ఉండును. ‘పొదుపరి’ యన్న మాటలో మెప్పు కలదు. ‘పిసినారి’ యన్న మాటలో ఏవగింపు కలదు. ఒకే గృహస్థును గూర్చి ఇల్లాలు మొదటి మాటను, అప్పునకై వచ్చి వట్టిచేతులతో మరలిన పొరుగువాడు రెండవ మాటను వాడవచ్చును. కావున ఇట్టి పదములను జంటలుగను పట్టికలుగను వల్లింపజేయుట చాలదు. ఎవరు, ఎవరిని గూర్చి, ఏ సందర్భమున ఆ మాటను వాడుదురో తెలిసికొనుటయే అభ్యాసమునకు ప్రధానము కావలెను.

ఈ యభిప్రాయము ప్రాచీనసంప్రదాయమునకు విరుద్ధమని తలపరాదు. అమరసింహుడు తృతీయకాండమునందలి విశేష్యనిఘ్నవర్గమున మనుష్యగుణవాచకములను విస్తరించి చెప్పెను. అందు ‘వాగ్మి’ని ‘వాచోయుక్తిపటువు’తో చేర్చెను; ‘జల్పాకుడు, వాచాలుడు, వాచాటుడు’ అను పదములను నింద్యమైన మాటలు పెక్కు పలుకువానికి వేరుగా కేటాయించెను. అట్లే ‘లుబ్ధుడు’ అను పదమును ‘గృధ్నువు, అభిలాషుకుడు’ మున్నగు పదముల సరసన నిలిపి, ‘కదర్యుడు, కృపణుడు, మితంపచుడు’ అనువానిని మరియొకచోట నుంచెను. మొదటివాడు లేనిదానికై ఆశపడువాడు. రెండవవాడు ఉన్నదానిని విడువనివాడు. తెలుగువాడుకలో ‘లోభి’ యను మాట రెండవవానికే రూఢమగుటచే, నేటి పట్టికలలో ఈ రెండు గుంపులును ఒక్కటైపోయినవి. ‘మితంపచుడ’నగా కొలిచి వండుకొనువాడు. పదమును విడదీసి చెప్పినచో ఒక వంటయిల్లు కన్నులకు కట్టును; ‘మితంపచుడు అనగా పిసినారి’ యని వల్లించినచో ఆ చిత్రము మాయమగును. ‘గురుబాలప్రబోధిక’ వంటి తెలుగుటీకలు వ్యుత్పత్తిని వివరించుటకు పూనుకొన్నది ఇందువలననే. శ్లోకములను కంఠస్థము చేయుట మిగిలి, టీకను చదువుట సన్నగిల్లినది.

దేశ్యపదములకును ఈ వివేచనము అవసరము. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమున మానవవర్గమును ప్రత్యేకించి కూర్చెను. తెలుగున మనుష్యవాచకములు ప్రత్యయముతోడనే తమ మొగమును చూపుచుండును. ‘తిండిబోతు, త్రాగుబోతు, తిరుగుబోతు, వదరుబోతు’ అను పదములలో నింద స్పష్టము. ‘నేర్పరి, ఓర్పరి’ అనువానిలో మెప్పు కలదు. ఐనను అదే యచ్చున పోసినట్లున్న ‘కల్లరి’ నిందావాచకము. కనుక ప్రత్యయమును నమ్ముకొనియు వాడుకను విడువరాదు. విందునకు పిలిచినవాడు అతిథిని ‘భోజనప్రియు’డనును గాని ‘తిండిబోత’నడు. ఆకలి ఒక్కటియే, మర్యాదలు రెండు. ‘గయ్యాళి’ యను మాట స్త్రీకే చెల్లుచున్నది. అంతటి నోరుగల పురుషునకు అంత ప్రచారముగల నిందాపదము తెలుగున కానరాదు. పర్యాయములను వెదకు విద్యార్థికి ఈ లోటు కంటబడినచో, అది భాషను గూర్చియే గాక సంఘమును గూర్చియు ఒక పాఠమగును.

తెలుగునాటికి వెలుపల తెలుగు నేర్చువారి విషయమున చిక్కు ఇంకను హెచ్చు. వారికి సంస్కృతసమములు చిరపరిచితములుగ తోచును. ఆ పరిచయమే పలుమారు దారి తప్పించును. హిందీలో ‘ఉద్దండుడు’ అవినీతుడు, అదుపులేనివాడు. తెలుగున ‘ఉద్దండపండితుడు’ అనుట గొప్ప ప్రశంస. హిందీమాతృభాషగా గల విద్యార్థి ఆ ప్రశంసను విని విస్తుపోవుటలో వింత లేదు. ‘మూర్ఖుడు’ హిందీలో తెలివిలేనివాడు. తెలుగువాడుకలో తెలివిలేమితోపాటు మొండిపట్టును తెలుపును. తమిళమున మొరటుదనమును, క్రౌర్యమును స్ఫురింపజేయును. మలయాళమున ‘మూర్ఖన్’ అనగా నాగుబామే. అమరుడు ‘ప్రగల్భు’ని ప్రతిభాన్వితునిగా చెప్పియుండగా, తెలుగున ‘ప్రగల్భములు’ అనగా గొప్పలు చెప్పుకొనుటయే. ఒకే బీజము భిన్నక్షేత్రములలో భిన్నఫలముల నిచ్చినది. భారతీయభాషలను తులనాత్మకముగ పరిశీలించువారికి ఇంతకంటె చేరువలోనున్న సామగ్రి లేదు. దానిని పరీక్షకు మాత్రమే పనికివచ్చు పట్టికగా కుదించుట విచారకరము.

ఇంతకంటె గంభీరమైన విషయము వేరొకటి కలదు. అమరకోశము ద్వితీయకాండమునందలి శూద్రవర్గమున ‘పామరుడు, నీచుడు, ప్రాకృతుడు, పృథగ్జనుడు’ అను పదములు ఒకే గుంపున చేరియున్నవి. సామాన్యుడు, చదువురానివాడు, హీనుడు అను మూడు భావములు అచట ముడివడినవి. అది ఒక కాలపు సంఘదృష్టికి సాక్ష్యము. చరిత్రగా తప్పక చదువదగినది. కాని వ్యాఖ్యానము లేక ‘పామరుడు అనగా నీచుడు’ అని బాలుని చేత వల్లింపజేసినచో, చరిత్ర విధిగా మారును. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. చట్టము త్రోసివేసిన భావము పర్యాయపదముల పట్టికద్వారా తరగతిగదిలోనికి మరల ప్రవేశింపరాదు. తన తండ్రి పొలము దున్నువాడై, అక్షరము నెరుగనివాడై యున్న విద్యార్థి ఆ పట్టికను చదువునపుడు ఏమి నేర్చుకొనుచున్నాడో అధ్యాపకుడు ఆలోచింపవలెను. పదములు పైకెత్తబడుటయు కలదు. మోటువానికి మారుపేరుగా వాడబడిన ‘జానపదుడు’, 1958లో ప్రకటితమైన బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయసాహిత్యము’ వంటి కృషివలన విద్వత్పరిషత్తులలో గౌరవస్థానమును పొందినాడు.

కంఠస్థము చేయనిదే పదసంపద అలవడదని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ధారణను విడనాడుమని ఇచట చెప్పుట లేదు. ధారణతో అభ్యాసము ముగిసినదని తలపవలదనియే చెప్పుట. పోటీపరీక్షలలో ఇచ్చు నాలుగు సమాధానములలో ఒకదానిని గుర్తించుట జ్ఞాపకశక్తికి పరీక్ష యగును గాని భాషాజ్ఞానమునకు కాదు.

ఆచరణమున చేయవలసినది కష్టమేమియు కాదు. మనుష్యవాచకమును నేర్పునపుడు దానిని వాక్యమున నిలిపి, పర్యాయమును ఆ స్థానమున పెట్టి, అర్థము నిలిచినదా, మర్యాద నిలిచినదా యని వేర్వేరుగ అడుగవలెను. ఆ మాటను మనుష్యుని యెదుట పలుకవచ్చునా, చాటుననే పలుకుదురా యని విచారింపవలెను. మెప్పునుండి నిందవరకు పర్యాయములను వరుసగా పేర్చుమని విద్యార్థులను కోరవలెను. వారి మాతృభాషలలో అదే పదమునకు గల విలువను చెప్పించవలెను. ప్రశ్నపత్రమున ‘పర్యాయపదము వ్రాయుము’ అనుటకు బదులు ‘ఈ రెండింటికి భేదమేమి?’ అని యడుగుట చాలును. బోధనము దానంతట అదే మారును.

చెట్టునకు తప్పుపేరు పెట్టినను చెట్టు నొచ్చుకొనదు. మనుష్యుడు నొచ్చుకొనును. మనుష్యవాచకముల అభ్యాసము ఈ యెరుకతోనే ఆరంభము కావలెను.