వయ్యారిభామకు ముహూర్తం

మా శివ్వంపేట ఇంటి పెరట్లో గోడ పొడవునా వయ్యారిభామ మొలిచింది. 1950వ దశకంలో పుణెలో కనబడిన ఈ పరాయి మొక్క, అమెరికా గోధుమలతో దిగిందంటారు. మందు కొడదామన్నాను నేను. "బాయి పక్కకే ఉంది, తాగేది గా నీళ్ళే గద బిడ్డా" అన్నది అమ్మ. వాన పడ్డ మర్నాడు, పూత రాకముందే, చేతులకు గుడ్డ చుట్టుకొని వేళ్ళతో సహా పీకింది. (అంతకుముందు ఏడు ఒట్టి చేతులతో పీకి నెల్లాళ్ళు దురదతో బాధపడింది లెండి.) ఆ జాగాలో తంగేడు గింజలు చల్లింది.

మిత్రులారా, మన శ్రమదానం మాత్రం పూత ముదిరాక జరుగుతుంది! ఒక్కో మొక్కకు వేల విత్తనాలు. కోసి మోసుకుపోతూ దారంతా మనమే విత్తుతున్నాం. మిగిలిన మోడు మళ్ళీ చిగురిస్తుంది. సంఘం వారు ఆ రోజును జూలైకి మార్చాలి. ముఖ్య అతిథి దొరక్కపోయినా ఫరవాలేదు, గ్లౌజులు దొరికితే చాలు.